వజ్రమ్మ రాసిన ముక్క

జోయెల్ పది పుస్తకాలనూ బియ్యం సంచిలో వేసుకొచ్చి బైండింగ్ షాపు బల్ల మీద మెల్లగా దించాడు. దేవుడి పేరున్న పుస్తకాలు కదా, సంచి అయితే ఏం, ఎత్తి పడేయడానికి చేతులు రావు.

"వదినె, ఇవి శుక్రారం కల్ల కావాలె. అట్టలూడి చేతుల్లకొస్తున్నయ్. బొంబాయి సారు చూస్తె ఇజ్జత్ పోతది" అన్నాడు.

వజ్రమ్మ కుడుతున్న రిజిస్టరు వెన్నులో సూదిని అట్లాగే గుచ్చి వదిలి, ఒక పుస్తకం తీసి విప్పింది. మొదటి కట్ట ఎనిమిది ఆకులూ చివర్లు నలిగి, వేలిముద్రలతో నల్లబడి ఉన్నాయి. వెనక కట్టలు నయం. మెదక్ చుట్టూ ఉన్న ఏడు యూదుల ఇళ్ళకు ఇవే ప్రార్థన పుస్తకాలు. మాటలు హీబ్రూవి, అక్షరాలు తెలుగువి, చేతిరాత వజ్రమ్మది. ఆమె రాసిన ప్రతికి జెరాక్సులు తీసి, ఆమే కుట్టి, మగవాళ్ళ చేతుల్లో పెట్టింది. చదివేవాళ్ళలో అర్థం తెలిసినవాడు ఒక్కడూ లేడు. అయినా శనివారం పొద్దున జోయెల్ మోటార్ వైండింగ్ షాపు మీది గదిలో వాళ్ళు చదువుతుంటే, కింద రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి తలెత్తి చూసేంత ధాటిగా చదువుతారు.

"ఎన్నొద్దులుంటడు సారు?"

"శుక్రారం వచ్చి ఆదివారం పోతడు. మన ప్రార్థన సక్కగున్నదా లేదా చూస్తడట. సక్కగుంటె బొంబాయి యూదుల సమాజాలల్ల మనల్ని గూడ ఒకటిగ రాసుకుంటరు. ఇన్నేండ్ల సంది ఎవరన్న మనల్ని అడిగిండ్రా వదినె? ఇప్పుడడుగుతుండ్రు."

ఆ మాట అంటున్నప్పుడు జోయెల్ ముఖం చూసి వజ్రమ్మకు జాలేసింది. యాభై ఏళ్ళవాడు, చిన్నపిల్లవాడు పరీక్షకు పోయేముందు ఉన్నట్టు ఉన్నాడు. భర్త తమ్ముడు. భర్త రత్నం పోయిన నాటినుంచి ఇంటి మంచీ చెడూ అడిగేది అతనొక్కడే.

జోయెల్ వెళ్ళబోయి ఆగాడు. బల్ల మీది గంజి గిన్నెలో బ్రష్‌ను అటూ ఇటూ తిప్పాడు.

"ఇంకొక ముచ్చట. గదికి తెర కడుతున్న. ఆడోళ్ళంత అవుతల వసారాల కూసోవాలె. పెద్ద పెద్ద సమాజమందిరాలల్ల గట్లనే ఉంటదట. ఫోన్ల వీడియోలు చూసిన."

"ఆడోళ్ళు వసారాలనే కూసుంటరు గద ఎప్పుడు?"

"నువ్వు గూడ వదినె."

వజ్రమ్మకు తన కుర్చీ గుర్తొచ్చింది. ప్రార్థన గదిలో బీరువా పక్కన గోడకు ఆనించి ఒక కుర్చీ ఉంటుంది. మగవాళ్ళు చదువుతూ ఎక్కడైనా తడబడితే ఆ కుర్చీలోంచి ఆమె మాట అందిస్తుంది, వాళ్ళు అందుకుని పోతారు. ఎవరూ ఆమెను అక్కడ కూర్చోమనలేదు, ఎవరూ లేవమనలేదు. పుస్తకం రాసిన మనిషి కాబట్టి కూర్చుంది.

"మీరు ఆగిపోతె అందిచ్చేదెవరు మరి?"

"అవుతల నుంచి అందియ్యి. బట్టనే గద, ఇనబడతది" అని జోయెల్ దిగి వెళ్ళిపోయాడు.

జెరాక్స్ మిషన్ దగ్గర నిలబడ్డ షాపు యజమాని ఎల్లం ఒక కాగితం ఎత్తి పట్టుకుని నవ్వాడు. "గిదేం భాష వజ్రక్కా. చూస్తె తెలుగే, సదివితె నాలుక మెలిపడుతుంది."

"నీకెందుకు, నీ మిషన్ నువ్వు చూసుకో" అంది వజ్రమ్మ. గొంతు పలికిన తీరు తనకే నచ్చలేదు. ఎల్లం కూడా నవ్వు ఆపి ఆమె వైపొకసారి చూసి, పనిలో పడ్డాడు.

ఆ సాయంత్రం ఇంటికి పోయేదాకా ఆమెకు ఆ కుర్చీయే మనసులో మెదిలింది. వారంలో ఆరు రోజులు ఆమెకు షాపు, దారం, గంజి. ఇంటి దగ్గర తాళం తీసిన చప్పుడు తర్వాత మళ్ళీ పొద్దున తాళం వేసిన చప్పుడే. శనివారం ఒక్కపూట పదిమంది గొంతుల మధ్య తన గొంతు కూడా ఉంటుంది. దానికి కూడా తెర కట్టాలా? ఏడుపు రాలేదు గాని అన్నం మాత్రం సయించలేదు.

మరునాడు గురువారం పొద్దున్నే షాపు తీయగానే పుస్తకాల దారాలు కోయడం మొదలుపెట్టింది. బ్లేడు కొనతో ముడి తెంపి, ఒక్కొక్క కుట్టూ లాగి, ఎండిన గంజిని గోటితో గీకింది. పదింటి మొదటి కట్టలూ తీసి పక్కన పెట్టింది. అవి కొత్తగా జెరాక్స్ తీయాల్సిందే. తన దగ్గరున్న చేతిరాత ప్రతిని విప్పి, ఆకులు వరుసగా పరుస్తూ మూడో పేజీ దగ్గర ఆగిపోయింది.

ఆ పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. పొద్దున లేవగానే దేవునికి చెప్పే స్తోత్రాల్లో ఒకటి. పదకొండేళ్ళ కింద, ఎవరో రెండు వారాలకు ఎరువిచ్చిన అచ్చు పుస్తకం చూసి రత్నం ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతుంటే, ఆమె తెలుగులో రాసుకుంది. ఈ చోటికి వచ్చేసరికి రెండు వాక్యాలున్నాయి. మగవాళ్ళకొకటి, ఆడవాళ్ళకొకటి. అర్థమేమిటని అడిగింది. మగవాళ్ళది, నన్ను ఆడదానిగా పుట్టించనందుకు నీకు స్తోత్రం అని. ఆడవాళ్ళది, నీ చిత్తం చొప్పున నన్ను పుట్టించినందుకు నీకు స్తోత్రం అని. రత్నం చదివేసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, రెండూ రాయమన్నాడు. రఫ్ నోట్‌బుక్‌లో రెండూ రాసింది. అసలు ప్రతిలోకి ఎత్తేటప్పుడు ఒక్కటే రాసింది. చేయి ఆగి, ఆలోచించి, ఆడవాళ్ళదే రాసింది.

అంతే. ఆ తర్వాత పదకొండేళ్ళుగా ఏడిళ్ళ మగవాళ్ళూ, వాళ్ళలో బతికున్నన్నాళ్ళూ రత్నం కూడా, తెలిసో తెలియకో, ప్రతి శనివారం నిలబడి గొంతెత్తి ఆడవాళ్ళ స్తోత్రమే చదివారు. బీరువా పక్కన కుర్చీలో కూర్చుని ఆమె వినేది. ఆ ఒక్క వాక్యం దగ్గర ఆమెకు లోపల ఎంత చల్లగా ఉండేదో ఎవరికి చెప్పగలదు? తప్పు చేశానన్న భయం మొదట్లో ఉండేది. రాను రాను అది కూడా పోయింది.

ఇప్పుడు బొంబాయి సారు వస్తాడు. ఆయనకు హీబ్రూ వచ్చు. మూడో పేజీ దాటకముందే పట్టేస్తాడు. జోయెల్ తల వంగిపోతుంది, ఏడిళ్ళకూ నవ్వులపాటు. పుస్తకం రాసింది ఎవరని అడుగుతారు. ఇగ కుర్చీ మాట దేవుడెరుగు, వసారాలో కూడా చోటుండదు. అదే పుస్తకం ఒక్క తప్పు లేకుండా ఉంటే? ఎవరు రాశారమ్మా ఇంత చక్కగా అని ఆ పెద్దమనిషే అడగొచ్చు. ఆవిడను లోపల కూర్చోబెట్టండి అని అనొచ్చు కూడా. ఆశ అట్లా అడ్డదారిన వచ్చి కూర్చుంది.

ట్రంకులోంచి వెతికి తెచ్చిన రఫ్ నోట్‌బుక్ సంచిలోనే ఉంది. తెచ్చుకుందంటేనే, ఏం చేయబోతోందో ఆమెకు ఇంటి దగ్గరే తెలుసన్నమాట. తెల్ల కాగితం తీసి, స్కేలుతో గీతలు కొట్టి, మూడో పేజీ మొత్తం తిరగరాసింది. ఆఖరి వాక్యం మగవాళ్ళది పెట్టింది. తన మీద తానే ఫిర్యాదు రాసుకున్నట్టు అనిపించింది. అక్షరాలు మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా కుదిరాయి.

ఎల్లం పదేసి జెరాక్సులు తీసిచ్చాడు. ఆమె ఆకులు మడిచి, ఎముక పుల్లతో మడత నొక్కి, కట్టలు కలిపి, మైనం రుద్దిన దారంతో కుట్టింది. వెన్నుకు గంజి పూసి, క్యాలికో గుడ్డ అంటించి, అట్టలు వేసి, పదింటినీ బరువు కింద పెట్టింది. తన ప్రతిలో మాత్రం పాత ఆకునే ఉంచుకుంది. ఆ ఆకును చింపడానికి చేతులు రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పుస్తకాలు తీసుకుని పోయేసరికి, జోయెల్ స్టూలెక్కి మెరూన్ రంగు బట్టకు మేకులు కొడుతున్నాడు. అతని భార్య లలితమ్మ కింద నిలబడి బట్ట అంచు పట్టుకుంది. కుర్చీ అప్పటికే వసారాలోకి వచ్చేసింది. ఎల్దుర్తి నుంచి పొద్దుటి బస్సుకే వచ్చిన గాలయ్య గదిలో గోడకానుకుని కూర్చున్నాడు. డెబ్భై అయిదు దాటిన ముసలాయన, ఏడిళ్ళకూ పెద్ద. శనివారం సబ్బాతు, విశ్రాంతి రోజున ప్రయాణం చేయకూడదని ప్రతి వారం ముందురోజే వచ్చేస్తాడు.

"బిడ్డా, నిన్నెందుకు అవుతలేసిండు వీడు?" అన్నాడు గాలయ్య.

"పెద్ద మందిరాల కాయిదా అట మామా" అంది వజ్రమ్మ.

"ఏం కాయిదానో. నాకు సగం ముక్కలు నువ్వందిస్తనే యాదికొస్తయ్."

జోయెల్ నోట్లోంచి ఇంకో మేకు తీసి బట్టకు కొట్టాడు.

బొంబాయి సారు నాలుగింటికి ఆటోలో వచ్చాడు. బక్కపలచటి మనిషి, మెత్తగా మాట్లాడతాడు, హిందీలోనే. అందరికీ నమస్కారం చేశాడు, వసారాలో ఉన్న ఆడవాళ్ళకు కూడా. గదిలో కూర్చుని మొదట పుస్తకాన్నే చేతికి తీసుకున్నాడు. తెలుగు చదవడం రాదు కనుక జోయెల్‌ను నాలుగు పంక్తులు చదవమని విని, తల ఊపాడు.

"చాలా శ్రమ. ఎవరు రాశారు?" అని అడిగాడు.

తెర ఇవతల వజ్రమ్మ చీర కొంగు సవరించుకుంది.

"మా వాళ్ళే రాసిండ్రు సార్. అందరం కలిసి చేసుకున్నం" అన్నాడు జోయెల్.

అబద్ధమాడాలని అనలేదు. అతనికి అట్లాగే తోచింది. అదే ఆమెకు ఎక్కువ నొప్పి కలిగించింది. పదకొండేళ్ళ రాత, కుట్టు, గంజి, అన్నీ ఆ "మా వాళ్ళే"లో కలిసిపోయాయి. దీని కోసమేనా ఆ పేజీ మార్చింది? పొద్దు గుంకేముందు లలితమ్మ సబ్బాతు దీపాలు వెలిగిస్తే అందరితోపాటు కళ్ళు మూసుకుంది గాని, ప్రార్థన ఒక్క ముక్క లోపలికి పోలేదు.

శనివారం పొద్దున లలితమ్మతో కలిపి నలుగురు ఆడవాళ్ళు వసారాలో చాప మీద కూర్చున్నారు. నిన్న వండిన పులిహోర గిన్నె మీద మూత, పక్కన నీళ్ళ బిందె, పేర్చిన పళ్ళాలు. వజ్రమ్మ వాళ్ళకు కాస్త ఎడంగా కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో తన ప్రతి.

"కింద కూసోరాదక్కా మా కాడ" అంది లలితమ్మ.

"మోకాళ్ళు" అంది వజ్రమ్మ. మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

లోపల చదవడం మొదలైంది. తెర గుండా గొంతులు మూటలోంచి వచ్చినట్టు వస్తున్నాయి. ఒకటో పేజీ, రెండో పేజీ. మూడో పేజీ మొదలైనప్పుడు వజ్రమ్మ ఒళ్ళోని ప్రతిని మూసేసింది. ఆ అడుగు వాక్యం వచ్చింది.

మగవాళ్ళందరూ ఒక్క గొంతుతో పాతదే చదివారు.

కొత్త పుస్తకాలు చేతుల్లో ఉన్నాయి, పేజీ తెరిచే ఉంది, కళ్ళు దాని మీదే ఉన్నాయి. కాని నోళ్ళు పదకొండేళ్ళ దారిలోనే పోయాయి. ఆ పేజీ మార్చినప్పుడు వజ్రమ్మకు తోచని సంగతి అదొక్కటే. ఆ మగవాళ్ళు ఎన్నడో చదవడం మానేశారు. వాళ్ళకు అది కంఠస్థం.

"ఆగండి" అన్నాడు బొంబాయి సారు. "ఇప్పుడు ఏమన్నారు?"

గాలయ్య మళ్ళీ చెప్పాడు, ధైర్యంగా.

"పుస్తకంలో చూసి చదవండి."

జోయెల్ వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలికాడు. సగంలో అతని గొంతు నెమ్మదించింది. "ఇది... గిట్లుండకుండె సార్ ఇది."

"పుస్తకం సరిగానే ఉంది. మీరు చెప్పింది ఆడవాళ్ళు చెప్పుకునే స్తోత్రం" అన్నాడు సారు. ఎగతాళిగా అనలేదు. అయినా గదిలో ఎవరో కిసుక్కుమన్నారు.

జోయెల్ తెర దగ్గరికి వచ్చాడు. అవతల అతని కాళ్ళు కనిపిస్తున్నాయి. "వదినె, ఇదేంది?"

ఆమె ఊరుకుంటే సరిపోయేది. పుస్తకం ఆమె పక్షాన ఉంది. తప్పు వాళ్ళ నోళ్ళది. ఆ రెండు ఊపిర్ల సేపు వజ్రమ్మ ఊరుకోవాలనే అనుకుంది.

"ఆడమనిషి సార్" జోయెల్ లోపలికి తిరిగి చెబుతున్నాడు. "అప్పుడు తెలువక తప్పు అందిచ్చి ఉంటది. మేం గూడ చూసుకోలే."

"తెలువక గాదు జోయెలూ" అంది వజ్రమ్మ. గొంతు తను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "ఆ పుస్తకం రాసింది నేను. రెండు ముక్కలూ నాకెర్కనే. తెలిసే ఇది రాసిన. సారొస్తుండని భయపడి మొన్న గురారం మార్చిన. మీ తప్పేం లేదు."

జోయెల్ కాళ్ళు తెర దగ్గరినుంచి వెనక్కి జరిగాయి. కింద రోడ్డు మీద ఆటో హారను వినిపించింది.

"రెండిట్ల మతలబ్ ఏంది బిడ్డా?" అని అడిగాడు గాలయ్య.

ఆమె చెప్పింది. రెండూ చెప్పింది, నెమ్మదిగా, తెలుగులో.

"అయితె ఇన్నేండ్ల సంది మేమన్నది రెండోదా?"

"అవు మామా."

"మంచిగనే ఉండె గద" అన్నాడు గాలయ్య.

"నువ్వు జర ఊకో పెద్దయ్యా" అన్నాడు జోయెల్. "ఇగనుంచి ఆ పుస్తకాల జోలికి రాకు వదినె. ఇంత నమ్మితె గిట్ల చేస్తవా?"

ఆ మాట చెంపకు తగిలినట్టే తగిలింది. నమ్మాడన్నది నిజమే. బొంబాయి సారు మధ్యలో కల్పించుకుని, పోనివ్వండి, నేర్చుకుంటే సరిపోతుందని, మగవాళ్ళ వాక్యాన్ని మూడుసార్లు చెప్పించాడు. మళ్ళీ పేజీ మొదటి నుంచి, ఈసారి తాను అందించకుండా, మొదలుపెట్టమన్నాడు.

మొదలుపెట్టారు. ఆ వాక్యం దాకా బాగానే వచ్చారు. రెండు వాక్యాలకూ ఒకటే అయిన మొదటి మాటలు పలికి అందరూ ఒకేసారి ఆగిపోయారు. కొత్త ముక్క ఎవరి నోటా రాలేదు, పాతది అనడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఆగిపోయిన మగవాళ్ళు ఎప్పటిలాగే బీరువా వైపు చూసి ఉంటారు. అక్కడ కుర్చీ లేదు.

"వదినె" అన్నాడు జోయెల్. కోపం తగ్గలేదు, కాని అలవాటు దానికంటే బలమైనది. "ఆ ముక్క అందియ్యి."

వజ్రమ్మకు ఆ ముక్క తెలుసు. గురువారమే రాసింది. అందిస్తే జోయెల్ పరువు నిలబడుతుంది, రేపో ఎల్లుండో కుర్చీ కూడా లోపలికి పోవచ్చు.

"గది నేను అందియ్యను జోయెలూ" అంది. "మీరే సదువుకోండ్రి, కాదన. నన్ను ఆడదాన్ని చెయ్యనందుకు అని నా నోటితోని మీకు చెప్పలేను. నాతోని గాదు."

తర్వాత, సారు ఆడవాళ్ళదని చెప్పిన వాక్యాన్ని తన కోసం తానే చెప్పుకుంది. పదకొండేళ్ళుగా పదిమంది గొంతుల్లో విన్న మాట, మొదటిసారి తన ఒక్కదాని గొంతులో వినబడింది. ఎంత చిన్నగా ఉందో. లోపల ఎవరూ దాన్ని అందుకోలేదు. ఇంత ఒంటరితనం రత్నాన్ని మట్టిలో పెట్టిన రోజున కూడా లేదనిపించింది.

అప్పుడు పక్కనుంచి ఎవరో అదే వాక్యం అన్నారు.

లలితమ్మ. పళ్ళాల మీది గుడ్డ సర్దుతూనే అంది. ఒక్క అక్షరం పోలేదు. రత్నం ఆఖరి మాటను సాగదీసి పలికేవాడు, అట్లాగే సాగదీసింది కూడా. ఆమె వెనక మిగతా ముగ్గురూ అన్నారు. ఒకామె కాస్త తడబడి, మళ్ళీ అందుకుంది.

"లలితా?" అన్నాడు జోయెల్ లోపలినుంచి. పరాయి మనిషిని పిలిచినట్టు పిలిచాడు.

లలితమ్మ పళ్ళాల మీది గుడ్డ సర్దడం ముగించింది.

"నీకెట్లొచ్చే ఇది?" అంది వజ్రమ్మ.

"పదకొండేండ్ల సంది గీ తలుపు పక్కనే కూసుంటున్న గదక్కా. నాకు చెవులు లేవా?" లలితమ్మ గొంతు తగ్గించింది, కాని చూపు తగ్గించలేదు. "మస్తు వచ్చు నాకు. అర్థమే తెల్వది. నీకు తెలుసు గద, ఒక్కనాడన్న చెప్పినవా? పది పుస్తకాలు కుట్టినవ్. మాకొక్కటి ఎందుకు కుట్టలేదు?"

"నువ్వు సదువుతవనుకోలే."

"ఏడో క్లాసు దాంక సదివిన నేను. నువ్వెన్నడు అడగలే."

అడగలేదు, నిజమే. ఇన్నేళ్ళూ వజ్రమ్మ లోపల కుర్చీలో, ఈ నలుగురికీ వీపు పెట్టి కూర్చుంది. మగవాళ్ళు తనను బయటికి పంపారని బుధవారం నుంచి కుమిలిపోయింది. బయట అప్పటికే మనుషులున్నారన్న సంగతి మాత్రం ఆమెకు తట్టనే లేదు.

లోపల జోయెల్ గొంతు సవరించుకున్నాడు. ఆగిపోయిన వాక్యాన్ని అక్కడే వదిలి, తరువాతి స్తోత్రం ఎత్తుకున్నాడు. బొంబాయి సారు అడ్డు చెప్పలేదు. మగవాళ్ళు ఒక్కొక్కరే గొంతు కలిపారు.

వజ్రమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి లలితమ్మ పక్కన కూర్చుంది. తన ప్రతిని ఇద్దరి మధ్యా తెరిచి పట్టుకుని, లోపల ఎక్కడ చదువుతున్నారో వేలు పెట్టి చూపించింది. లలితమ్మ ఆ వేలిని పక్కకు జరిపి, అక్కడినుంచి తానే చదువుకుంటూ పోయింది.